చెరువు లెక్కల సాఫ్ట్‌వేర్‌ని చివరికి జిప్‌లోనే పంపాను

వనామి రొయ్యల చెరువుల మేత లెక్కల కోసం నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ చేశాను. భీమవరం, పాలకొల్లు వైపు మేత షాపులవాళ్లు నలుగురు అడిగితే ఉచితంగానే ఇచ్చాను. మొదట ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టే సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో సెవెన్‌జెడ్ రకం ఫైలు చేసి పంపాను. జిప్ అనే మామూలు రకం మూటలో 41 ఎంబీ వచ్చేది ఇందులో 27కి దిగింది. చెరువుల దగ్గర సిగ్నల్ సంగతి తెలిసిందే, సైజు తగ్గితే చాలనుకున్నాను.

మర్నాడే పాలకొల్లు నుంచి ఫోన్. "బాబూ, నువ్వు పంపింది తెల్లకాయితం బొమ్మలా కనబడుతోంది. నొక్కితే దేంతో తెరవాలని అడుగుతోంది, ఏం చెప్పమంటావు?" అక్కడున్నది విండోస్ 7. సెవెన్‌జిప్ వేసుకోమని చెప్పబోయి ఆగిపోయాను. లారీలోంచి మేత బస్తాలు దింపించుకుంటున్న మనిషికి, నా ఫైలు కోసం ఇంకో సాఫ్ట్‌వేర్ అంటగట్టడం సబబనిపించలేదు. రార్ అనే ఇంకో రకం మూటతోనూ అదే తంటా. ఈ రెండింటినీ సొంతంగా విప్పడం విండోస్ 11కే 2023లో గానీ రాలేదు.

జిప్ 1989 నాటిది. దాన్ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ దాని వివరాలు బయటపెట్టి ఎవరైనా వాడుకోమన్నాడు. విండోస్ ఎక్స్‌పీ నుంచి ప్రతి విండోస్‌లోనూ అది తెరుచుకుంటుంది. అందుకే జిప్‌కి మారాను. లోపల 'సహాయం' అని తెలుగులో పేరు పెట్టిన ఫైలు ఆ పాత కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా కనిపించింది. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాను. తెలుగు పేరు తీసేయడానికి మనసొప్పలేదు గానీ తప్పలేదు.

అసలు టెన్షన్ భీమవరంలో. గుమస్తా రెండు రోజులు లెక్కలు ఎక్కించాడు, మూడో రోజు తెరిస్తే అంతా ఖాళీ. వెళ్లి పక్కన కూర్చుని చూశాను. జిప్ మీద రెండు నొక్కులు, లోపలున్న ప్రోగ్రామ్ మీద ఇంకో రెండు. జిప్‌ని ముందు విప్పి ఫైళ్లు బయట పెట్టుకోలేదు. అలా నడిపితే విండోస్ ఆ ప్రోగ్రామ్‌ని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి నడుపుతుంది. నేనేమో లెక్కల ఫైలు ప్రోగ్రామ్ పక్కనే దాచేలా రాశాను. మళ్లీ తెరిచినప్పుడు కొత్త ఫోల్డర్, కొత్త ఖాళీ పుస్తకం. తప్పు అతనిది కాదు, పూర్తిగా నాదే. ఆ రెండు రోజుల చీటీలు నేను చదువుతుంటే అతను మళ్లీ ఎక్కించాడు, పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ఆ రాత్రే లెక్కలు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లేలా మార్చి, 41 ఎంబీ జిప్ నలుగురికీ పంపాను. పాలకొల్లు ఆయన ఈసారి నాకు ఫోన్ చేయకుండానే ఆ రోజు మేత ఎక్కించేశారు.