సున్నపు పలక మీద నాలుగు నీలాలు: నా అనుభవం

గోడ మీది నీలం రాతిని నూరి చేసిందా, కొలిమిలో కాల్చి చేసిందా, మొన్నెప్పుడో పూసిన, బట్టలకు పెట్టే నీలిమందా అన్నది కంటితో తేలదు. పరారుణ ఫొటోలో మాత్రం కొలిమిలో కాల్చి చేసే ఈజిప్షియన్ బ్లూ ఇట్టే పట్టుబడుతుంది. అయితే ఆ ఫొటోను నమ్మాలంటే, ఏ మచ్చలో ఏ రంగుందో మనకు ముందే తెలిసిన పలకను ఒకసారి తీసి చూడాలి. హనుమకొండలోని ఒక కాలేజీ ల్యాబ్‌లో అలాంటి పలకే తయారుచేశాను. రక్షిత కట్టడాల నుంచి గోరంత రంగు గీకాలన్నా అనుమతి కావాలి కాబట్టి అసలు గోడల జోలికి పోలేదు.

ముందు రంగు. ఈజిప్షియన్ బ్లూ అంటే కాల్షియం కాపర్ సిలికేట్. ఈజిప్టులో నాలుగున్నర వేల ఏళ్ల కిందటే వాడారు. ఇటలీలోని పాత రోమన్ నగరం పాంపే గోడల మీద కూడా ఉంది. కాల్షియం, రాగి, సిలికా 1:1:4 పాళ్లలో కలవాలి. నా తూకం ఇది: కాల్షియం కార్బొనేట్ 10 గ్రాములు, నల్ల కాపర్ ఆక్సైడ్ 7.95, క్వార్ట్జ్ పొడి 24, సోడియం కార్బొనేట్ 2. కంసాలి వెలిగారం వేసినట్టే ఇక్కడ సోడా. అది కరిగి మిగతావాటిని కలుపుతుంది. పాతకాలపు వాళ్లు రాగి కోసం కంచు తుక్కు కూడా వేసేవారు, అందుకే కొన్ని పాత నమూనాల్లో తగరం జాడ దొరుకుతుంది. క్వార్ట్జ్ బదులు గోదావరి ఇసుక వేసి చూస్తే ఇనుము వల్ల రంగు ఆకుపచ్చకు తిరిగింది.

కల్వంలో కనీసం అరగంట నూరాలి. ఇక్కడ బద్ధకిస్తే కాల్చాక నల్ల చుక్కలు, తెల్ల పలుకులు మిగులుతాయి: నల్లవి కలవని కాపర్ ఆక్సైడ్, తెల్లవి క్వార్ట్జ్. పొడిని అల్యూమినా మూసలో వేసి, మఫుల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమి) గంటకు 200 డిగ్రీల సెల్సియస్ చొప్పున 900 దాకా పెంచి, 24 గంటలు అక్కడే ఉంచాను. చల్లార్చి, మళ్లీ నూరి, ఇంకో 24 గంటలు. మొదటి కాల్పులో బూడిద కలిసిన నీలం, రెండోదానికే అసలు రంగు. మూస బరువు మొత్తమ్మీద 5 గ్రాముల దాకా తగ్గాలి. ఆ బరువు కార్బన్ డయాక్సైడ్‌ది. తగ్గకపోతే లోపల కార్బొనేట్ మిగిలి ఉందన్నమాట.

చెడేది ఎక్కువగా వేడి దగ్గరే. 1050 దాటితే నీలి స్ఫటికం విడిపోయి, ఆకుపచ్చ గాజు మూసకు అతుక్కుంటుంది. సోడా ఎక్కువైనా అదే గతి. గాలి ఆడకపోతే రాగి ఎర్ర ఆక్సైడ్‌గా మారుతుంది, కాబట్టి మూసకు మూత పెట్టొద్దు. వేడి మూసను బయటికి లాగితే పగులుతుంది. ఫర్నేస్ తలుపు మూసే ఉంచి రాత్రంతా వదిలేయడం మేలు.

వచ్చింది సరైనదేనా అని ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికం మీద పడ్డ ఎక్స్‌రేలు ఏ కోణాల్లో చెదురుతాయో చూపే పరీక్ష) చూడాలి. రాగి ట్యూబు ఎక్స్‌రేతో ఈజిప్షియన్ బ్లూ బలమైన శిఖరం 27.1 డిగ్రీల దగ్గర వస్తుంది; క్వార్ట్జ్‌ది 26.6. ఈ రెండూ పక్కపక్కనే ఉండి కొత్తవాళ్లను మోసం చేస్తాయి. అందుకని 11.7 దగ్గర చూడండి, అక్కడ క్వార్ట్జ్‌కు ఏమీ లేదు.

ఇక పలక. సున్నం, ఇసుక 1:3. ఈజిప్షియన్ బ్లూని మరీ మెత్తగా నూరితే వెలవెలబోతుంది, గరుకుగా ఉంటేనే ముదురు. కానీ గరుకు పొడి తడి సున్నానికి సరిగా పట్టదు, చెయ్యి తగిలితే రాలుతుంది. తుమ్మబంక నీళ్లతో కలిపి ఆరిన సున్నం మీద వేశాను. దాని పక్కన వరుసగా నీలి మొక్క రంగు (ఇండిగో), పొడి నీలిమందు, ప్రష్యన్ బ్లూ. నీలిమందు పొడిదే కొనాలి. సీసాల్లో వచ్చే ద్రవం వేరే రంగు. పొడిలో ఉండేది కృత్రిమ అల్ట్రామెరైన్, 1828 తర్వాతి సరుకు. ప్రష్యన్ బ్లూ కూడా 1700 తర్వాతిదే, పైగా దానికి క్షారం పడదు, తాజా సున్నం మీద గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే పలకను వారాల పాటు ఆరనిచ్చి, మూల మీద క్షారం ఉంటే గులాబీ రంగుకు తిరిగే ఫినాల్ఫ్తలీన్ చుక్క వేసి గులాబీ రంగు రాలేదని చూశాకే దాన్ని వేశాను.

ఫొటో పద్ధతి చెప్పడానికి తేలిక. ఎర్ర ఎల్ఈడీ వెలుతురు పడితే ఈజిప్షియన్ బ్లూ 910 నానోమీటర్ల దగ్గర పరారుణ కాంతి వదులుతుంది. కెమెరాలో సెన్సర్ ముందున్న పరారుణ అడ్డుగాజు తీయించాలి, లెన్స్ ముందు 830 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టాలి. ఆటోఫోకస్ పనికిరాదు, పలక దగ్గర టీవీ రిమోట్ నొక్కి పట్టుకుని, ఆ మెరుపు మీద చేత్తో ఫోకస్ చేశాను. ఎఫ్/8, ఐఎస్‌ఓ 400, 15 సెకన్లు. ఎల్ఈడీలు రెండు వైపులా 45 డిగ్రీల్లో.

మొదటి ఫొటోలో నీలి మొక్క మచ్చ కూడా తెల్లగా వెలిగింది! కారణం తలుపు సందులోంచి వచ్చిన ఎండ. ఎండలో పరారుణం దండిగా ఉంటుంది, నీలి మొక్క రంగు దాన్ని తినదు, అలాగే వెనక్కి పంపుతుంది. నీలిమందుదీ ఇంచుమించు అదే గుణం. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వేసినా ఇదే మోసం. పట్టుకునే చిట్కా ఒకటే: ఏ రంగూ లేని సున్నం వైపు చూడండి. అది వెలిగితే వెలుతురు కారుతున్నట్టు, ఆ ఫొటో చెల్లదు. సందులకు నల్లగుడ్డ కప్పి, రాత్రి 8 తర్వాత మళ్లీ తీస్తే పలకంతా చీకటి, ఒక్క ఈజిప్షియన్ బ్లూ మచ్చే వెలుగు. పక్క మచ్చల మీద బ్రష్ నుంచి రాలిన రేణువులు కూడా చుక్కల్లా కనిపించాయి, మామూలు వెలుతురులో వాటి జాడే లేదు.

ఒక జాగ్రత్త: కొన్ని కాడ్మియం రంగులు కూడా పరారుణంలో వెలుగుతాయి. వెలిగిన మచ్చ మామూలు ఫొటోలో పసుపో ఎరుపో అయితే, రామన్‌లో (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి పదార్థాన్ని గుర్తించే పరీక్ష) 430, 1085 శిఖరాలు చూసే దాకా ఈజిప్షియన్ బ్లూ అని పేరు రాయకండి.