రిపోర్టులో లేని వరుస

ఒంటిగంట దాటింది. మా ఆయన గురక గోడ దాటి వినిపిస్తోంది. ఆయన నిద్ర పరీక్ష రిపోర్టు మళ్లీ తీశాను, ఇక నిద్ర రాదు.

గంటకు 4. శ్వాస పూర్తిగానో, చాలావరకో తగ్గిపోయిన సార్లు అవి. 5 లోపు ఉంటే మామూలేనట. "గురకేనమ్మా, భయం లేదు" అన్నారు డాక్టరు. మరి పగలంతా కూర్చున్నచోటే కునుకుతున్న మనిషి సంగతి? నల్లగొండ నుంచి హైదరాబాదు వెళ్లి, తలనిండా తీగలు అంటించుకుని రాత్రంతా పడుకుంటే చేతికి వచ్చింది ఆ ఒక్క మాట. శ్వాస ఆగకపోయినా, లాగడానికి ఎంత కష్టపడుతున్నారో చూశారా అని అడిగాను. డాక్టరు తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఆ ప్రశ్న అడగడానికి కారణం నాన్న. బత్తాయి తోట బావి మీద ఆయిలు ఇంజను ఉండేది. ఒక ఎండాకాలం దాని చప్పుడు బరువెక్కింది. నీళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి, కాస్త సన్నగా. నాన్న నా అరచేయి పట్టుకుని రబ్బరు పైపు మీద పెట్టారు. పైపు లోపలికి నొక్కుకుపోతూ వణుకుతోంది. "నీళ్లు వస్తున్నాయని ఊరుకోవద్దు బిడ్డా, లాగుడు చూడు" అన్నారు. బావిలోకి దిగి పైపు అడుగు చివరన ఉండే ఫుట్‌వాల్వు జల్లెడకు చుట్టుకున్న నాచు, ఆకులు పీకి గట్టు మీద పడేశారు. అన్నీ కలిపి ఒక గుప్పెడు. ఆ పచ్చి వాసన ఇప్పటికీ గుర్తుంది.

నిద్రలో గొంతు కండరాలు సడలి మెత్తని పైపులా అవుతాయి. లోపలి లాగుడు ఎంతో, వచ్చే గాలి ఎంతో రెండూ తెలిస్తేనే నిరోధం, అంటే గాలికి దారి ఎంత అడ్డుపడుతోందో, లెక్క తేలుతుంది. లాగుడు కొలవాలంటే ముక్కులోంచి అన్నవాహికలోకి సన్నని గొట్టం దించి అక్కడి ఒత్తిడి చూడాలి. 1993లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నిద్ర వైద్యుడు గిల్మినో బృందం అలా కొలిచే, శ్వాస ఆగకుండానే నిద్ర చెడి పగలు మగతగా ఉండే వాళ్ల సంగతి బయటపెట్టింది.

ఆ గొట్టం ఎందుకు వేయలేదని రెండు రోజులుగా నా కోపం. రాస్తూ ఉంటే అది సరైన కోపం కాదనిపిస్తోంది. పళ్ల డాక్టరు అద్దం పెడితేనే డోకు వచ్చే మనిషి, గొట్టంతో ఎలా నిద్రపోతారు? పైగా ముక్కు దగ్గర పెట్టిన పైపు గాలి రాకపోకలను గీతగా గీసే ఉంది. మామూలుగా గుండ్రంగా లేవాల్సిన గీత, దారి ఇరుకైతే పైన చదునవుతుంది. మూడో పేజీలో వరసగా ఏడు శ్వాసలు, నెత్తి చెక్కిన ముంజకాయల్లా. ఎనిమిదోది నిండుగా లేచింది, సరిగ్గా అక్కడే మెదడు తరంగాల గీత చెదిరింది. శ్రమ 10 సెకన్లకు మించి సాగి ఇలా మెలకువ తెస్తే దాన్ని విడిగా లెక్కపెట్టవచ్చు. ఈ రిపోర్టులో ఆ లెక్కకు వరుసే లేదు.

గీతలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. సోమవారం మూడో పేజీ పట్టుకుని మళ్లీ వెళ్తాం. ఆయనకు ఇంకా చెప్పలేదు.