చివరి క్లూ ప్రింటు కాలేదు

"బడిలో గడిపిన అయిదేళ్ల మీద ఒక పేజీ రాసివ్వు" అంది మన పాత విద్యార్థుల సంచిక కమిటీ. అయిదేళ్లూ రాసే ఓపిక నాకు లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. ఆరూ ఏడూ తరగతులు నా బుర్రలోంచి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయాయి. వార్షికోత్సవంలో కిరీటం సంగతి లీడరే రాస్తాడు. (రాయకపోతే వచ్చే సంచికలో నేను రాస్తాను, వాడికి చెప్పండి.) నాకు లెక్కల మాస్టారి పజిల్ కాగితాలు చాలు.

వానాకాలంలో గొడుగులు, చలికాలంలో స్వెట్టర్లు, సెలవుల ముందు ప్రయాణాలు. ఏది ఎవరిదో క్లూలు చూసి తేల్చాలి. వాన కురిసి సగం క్లాసు రాని రోజున కొత్త పాఠం మొదలెడితే, మర్నాడు మిగతా సగానికి మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. అందుకని ఆయన సంచిలోంచి సైక్లోస్టైల్ కాగితాలు బయటికొచ్చేవి. వాటి మీద క్లూలు మాత్రమే ఉండేవి. మనిషికో వరస, రంగుకో నిలువు గడి చొప్పున గళ్ల పట్టిక మనమే స్కేలు పెట్టి గీసుకుని, కాదని తేలిన గడిలో ఇంటూ పెట్టాలి. నా గీతలెప్పుడూ వంకరే. గడి చిన్నదైతే ఇంటూ మార్కు పక్క గడిలోకి పాకేది.

గొడుగుల కాగితం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మన నలుగురినే అందులో పెట్టారు: లీడరు, పొట్టోడు, కవిగారు, చిన్నక్క. నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ గొడుగులు. కవిగారిది నలుపు కాదు, ఎరుపు కాదు. చిన్నక్కదీ నలుపు కాదు, ఎరుపు కాదు. ఇక్కడే వెనక బెంచీ ఆగిపోయింది. ఈ రెండు క్లూల్లో పొట్టోడి గురించి, లీడరు గురించి ఒక్క మాటైనా లేదే అని. మాస్టారు ఏమీ చెప్పలేదు, కవిగారి వరసనీ చిన్నక్క వరసనీ వేలితో చూపించి పక్కకెళ్లిపోయారు. వాళ్లిద్దరికీ నీలం, ఆకుపచ్చ తప్ప మరో దారి లేదు. అంటే ఆ రెండు రంగులూ వాళ్లవే, పొట్టోడికీ లీడరుకీ దక్కవు. క్లూలో ఎక్కడా లేని నాలుగు ఇంటూ మార్కులు ఒక్కసారిగా పడ్డాయి. నలుగురికి నాలుగు గొడుగులు పంచే 24 రకాల్లో నాలుగే మిగిలాయి. పొట్టోడిది నలుపు కాదన్న మూడో క్లూతో అవి రెండయ్యాయి.

అక్కడితో కాగితం అయిపోయింది. నాలుగో క్లూ అడుగున ఎక్కడో సిరా అందక ప్రింటు కాలేదు.

తరవాత జరిగిన యుద్ధం సంగతి మీకు వేరే చెప్పాలా! కిటికీ వైపు వాళ్లు కవిగారిది నీలమన్నారు, తలుపు వైపు వాళ్లు ఆకుపచ్చన్నారు. కవలలు చెరోవైపూ చేరారు. మాస్టారు రెండు పట్టికలూ చూసి, "రెండూ సరైనవే. మూడోది లేదని ఎవరు చూపిస్తారు?" అన్నారు. జవాబు దొరికాక కూడా పని మిగిలి ఉంటుందని అంతకుముందు మనకెవరూ చెప్పలేదు.

ఆ పీరియడంతా పోయిన క్లూని మనమే రాశాం. పొట్టోడు "కవిగారిది ఎరుపు కాదు" అని రాశాడు. "అది తెలిసిందే కదరా, దీంతో రెండు జవాబుల్లో ఒక్కటీ చావదు" అన్నారు మాస్టారు. కవిగారు "నా గొడుగు ఆకాశం రంగు" అని రాసి గర్వంగా నించున్నాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఇవాళ ఆకాశం నల్లగా ఉందిరా. నీ లెక్కకి జవాబే లేకుండా పోయింది." ఆ నవ్వు పక్క సెక్షన్ దాకా వినబడింది.

ఒక జవాబు, రెండు జవాబులు, అసలు జవాబే లేకపోవడం. మూడూ ఒక్క కాగితంలోనే చూశాం. పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జతలు వచ్చినప్పుడు, సమాంతర రేఖలకి సాధన ఉండదని పుస్తకం చెబితే నాకు వింతనిపించలేదు. అది కవిగారి గొడుగే.

అయిదిళ్లు, జీబ్రా ఎవరిది అనే పజిల్ కాలేజీలో తగిలింది. 1962లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది అది. ఐన్‌స్టీన్ చిన్నప్పుడు రాశాడంటారు గానీ దానికి ఆధారమేమీ లేదు. ఇంటికి అయిదేసి వివరాలు పంచే అమరికలు లెక్కేస్తే 2,488 కోట్ల పైచిలుకు. హాస్టల్లో అందరూ గుడ్లు తేలేస్తే నేను స్కేలు తీసుకుని గళ్లు గీశాను.

ఇప్పుడు నాది చిప్పులు తనిఖీ చేసే పని. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మీలో కొందరి జేబుల్లోని ఫోన్లలో మా టీము చూసిన చిప్పు ఉండే ఉంటుంది. డిజైన్ చేసినవాళ్లు "పని చేస్తోంది" అంటారు. "పని చెయ్యని సందర్భం ఒక్కటీ లేదని చూపించండి" అంటాం మేం. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు గొడుగుల పజిలే ఇస్తాను, నాలుగో క్లూ లేకుండానే. మంచి కాలేజీల్లో చదివొచ్చినవాళ్లు కూడా కవిగారిది నీలమని రాసేసి పెన్ను కింద పెట్టేస్తారు.

మా అమ్మాయి బడిలోనూ ఋతువుకో పజిల్ కాగితం ఇస్తారు, నెట్‌లోంచి ప్రింటు తీసి. మంచుబొమ్మలు, రాలే ఆకులు, రంగులన్నీ బాగుంటాయి. పట్టిక గీసే ఉంటుంది, గీతలు తిన్నగా ఉంటాయి. కానీ బొమ్మకి ముప్పాతిక పేజీ పోయి గళ్లు పెసరగింజంతవుతాయి. సగం క్లూలు ఒకటే మాటని తిప్పితిప్పి చెబుతాయి. ఒక్కో క్లూనే చేత్తో మూసి, అది లేకపోయినా జవాబు ఒక్కటే వస్తే ఆ క్లూ దండగన్నమాట. ఈ పరీక్ష మా అమ్మాయికి నేర్పాను. వాళ్ల టీచరు నన్ను ఒకసారి పిలిపించారు, ఫిర్యాదుకో మెచ్చుకోడానికో చివరిదాకా తేలలేదు.

నాలుగో క్లూ ఏమిటో మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు. గ్రూపులో కవిగారు ఇప్పటికీ నీలమే అంటున్నాడు. చిన్నక్కా, ఈసారి నువ్వు వస్తున్నావుగా, వాడి నోరు నువ్వే మూయించాలి.