అయోడిన్ సగం చేసినా రేటు కదల్లేదు

అనంతపురంలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు మెకానిజమ్ (ఒక చర్య ఏయే దశల్లో జరుగుతుందన్నది) అంటే మా బ్యాచ్‌కి బట్టీ సబ్జెక్టు. నోట్సులో ఏ దశ పక్కన ‘స్లో’ అని రాసుంటే అదే స్లో. అదెట్లా తేల్చారో నాకు అర్థమైంది మాత్రం ల్యాబ్‌లో, అసిటోన్ అయోడినేషన్ (అసిటోన్‌కు అయోడిన్ తగిలించే చర్య) చేసినప్పుడే.

అసిటోన్, ఆమ్లం ఎక్కువగా, అయోడిన్ కొంచెంగా కలిపి వాటర్ బాత్‌లో పెట్టాలి. మా ఎండలకు బాత్‌ను ముప్ఫై డిగ్రీల దగ్గర నిలపడమే ఒక ఉద్యోగం, ఐసు ముక్కలేస్తూ కూర్చోవాలి. కాసేపటికోసారి పిపెట్‌తో పది ఎం.ఎల్. తీసి సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో వదిలితే బుస్సుమని పొంగి, ఆమ్లం చచ్చి, చర్య ఆగిపోతుంది. మిగిలిన అయోడిన్ ఎంతో సోడియం థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వేస్తూ కొలవాలి, అంటే టైట్రేట్ చేయాలి. చివర్లో వేసిన స్టార్చ్ నీలం ఒక్క చుక్కకు మాయమవుతుంది.

మిగిలిన అయోడిన్ రీడింగులు టైముతో పాటు గ్రాఫు మీద పెడితే తిన్నని గీత! అయోడిన్ తగ్గేకొద్దీ రేటు కూడా తగ్గి గీత వంగాలి కదా, వంగలేదు. సగం అయోడిన్‌తో చేస్తే గీత కిందనుంచి మొదలైంది గానీ వాలు అదే. ఆమ్లం రెట్టింపు చేస్తే మాత్రం వాలూ రెట్టింపైంది.

“అయితే అయోడిన్ ఎక్కడ దూరుతోందో నువ్వే చెప్పు” అన్నారు మేడమ్.

అయోడిన్ ఖర్చవుతోంది, రేటు సమీకరణంలో (రేటు ఏ గాఢతలను బట్టి మారుతుందో చెప్పేది) మాత్రం లేదు. అంటే స్లో స్టెప్ దాటాకే వస్తోంది. విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేవాళ్ళు నలుగురే ఉంటే, గింజలు సంచికెత్తను ఎంతమందిని పెడితే ఏం లాభం? ఆమ్లంలోని ప్రోటాన్ అసిటోన్ ఆక్సిజన్ మీద చేరడం తొందరగానే జరుగుతుంది. ఆ తర్వాత పక్క కార్బన్ నుంచి హైడ్రోజన్ ఊడి ఈనాల్ (జంట బంధమున్న కార్బన్ మీద OH ఉండే రూపం) కావడమే నిదానంగా జరిగే దశ. ఈనాల్ పుట్టగానే అయోడిన్ పట్టేస్తుంది. లాప్‌వర్త్ అనే రసాయన శాస్త్రవేత్త 1904లోనే బ్రోమిన్‌తో ఈ సంగతి తేల్చాడు.

ఈనాల్ ఇక్కడ మధ్యస్థం: ఒక దశలో పుట్టి తర్వాతి దశలో ఖర్చయిపోతుంది, దశలన్నీ కూడితే కనబడదు. ఆమ్లం తిరగేసి, ముందు ఖర్చయి తర్వాత తిరిగొస్తుంది, కాబట్టి ఉత్ప్రేరకం.

దీని తర్వాత నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ చర్య దగ్గర తిప్పలు పడ్డాను. రేటులో నైట్రిక్ ఆక్సైడ్ గాఢత వర్గం (స్క్వేర్), ఆక్సిజన్ గాఢత ఉన్నాయి. మూడు అణువులు ఒకేసారి గుద్దుకోవడం అరుదు. రెండు నైట్రిక్ ఆక్సైడ్‌లు జతకట్టి విడిపోతూ ఉంటాయి, ఆ జతను ఆక్సిజన్ నిదానంగా తాకుతుంది అనుకుంటే లెక్క కుదిరింది. జత గాఢతను సమతాస్థితి స్థిరాంకంతో తీసేస్తే సరిగ్గా అదే సమీకరణం. వేడి చేస్తే ఈ చర్య నెమ్మదిస్తుందన్న వింత కూడా విడిపోయింది: వేడికి జతలు తగ్గిపోతాయి.

అయితే ముందు నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిసి నైట్రేట్ రాడికల్ (NO3) ఏర్పడి, అది ఇంకో నైట్రిక్ ఆక్సైడ్‌తో కలుస్తుందని రాసినా అదే రేటు సమీకరణం వస్తుంది. రెంటిలో ఏదో గ్రాఫు తేల్చలేదు, మధ్యస్థాన్ని స్పెక్ట్రమ్‌లో పట్టుకోవాల్సిందే.