కాలీఫ్లవర్ మూడోసారి: ఆకులు ఏపుగా ఉన్నాయి, పువ్వే లేదు

సంక్రాంతికి ఇంటి కాలీఫ్లవరే వండుకుందామని గొప్పలు పోయాను. పండగ వెళ్లి పది రోజులైంది. నారు నాటి ఇవాళ్టికి 84 రోజులు. పదకొండు మొక్కల్లో తొమ్మిదింటికి పువ్వే పట్టలేదు. మిగతా రెండూ నిమ్మకాయంత అయ్యాక, పైన నూకలు చల్లినట్టు పొక్కులు తేలి, మధ్యలోంచి చిట్టి ఆకులు పొడుచుకొచ్చాయి. పక్కింటి ఒడియా మావుసి మేడెక్కి చూసి "ఫుల కాహి?" (పువ్వేది?) అంది. అదే నేనూ అడుగుతున్నా!

మెంతి, ముల్లంగి బ్రహ్మాండం. వంగ కూడా కాపుకొచ్చింది.

విత్తనం పూసా స్నోబాల్ కె-1, చలికాలపు రకం. అదే ప్యాకెట్లో సగం, ఒడిశా కొండల మీద కోరాపుట్‌లో ఉన్న మా అక్కకిచ్చాను. ఇద్దరం అక్టోబర్ 5న నారు పోశాం, మట్టి పాళ్లూ వేపపిండీ ఒకటే. అక్కకేమో కిలో తూగే తెల్లటి పువ్వులు. ఫొటో పంపి "ఏరా, ఏం చేశావు ఆ మొక్కల్ని?" అంది.

మొదటి ఏడు నత్రజని ఎక్కువైందనుకున్నా. రెండో ఏడు బోరాన్ తక్కువేమోనని లీటరుకి గ్రాము బోరాక్స్ కొట్టా. ఏమీ మారలేదు. ఈసారి కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్ కొని, ఎండ తగలకుండా మొక్కల మధ్య కట్టాను. డిసెంబర్ చివర్లో పడమటి గోడ వారన రాత్రి 17.5, పగలు 30. సగటు 24 దగ్గర. పిట్టగోడ పక్కన రాత్రి 14, పగలు 29. నూకల పువ్వులు పట్టిన రెండూ అక్కడివే! రాత్రి తొమ్మిదింటికి చెయ్యి పెడితే పడమటి గోడ ఇంకా వెచ్చగా ఉంది. పగలంతా ఎండ తాగి రాత్రంతా నా మొక్కల మీద కక్కుతోందన్నమాట.

స్నోబాల్‌కి పువ్వు పట్టడానికి 10–16 డిగ్రీలు కావాలి. అది పుట్టిందే హిమాచల్‌లో, కులూ లోయలోని కట్రాయిన్‌లో. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, మా రాయగడ 200 చిల్లర. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరున్నర డిగ్రీలు తగ్గే లెక్కన మా ఇద్దరికీ నాలుగు డిగ్రీల పైనే తేడా. అక్క పెరట్లో రాత్రి 9, పగలు 25. ప్యాకెట్ మీద దేశమంతటికీ కలిపి ఒకే విత్తే నెల అచ్చేసేవాళ్లని ఏమనాలి?

వచ్చే జూన్‌లో పూసా మేఘన లాంటి తొలి రకం పోస్తా. వాటికి 20–27 డిగ్రీలు చాలు. ఆలస్యంగా వేస్తే మాత్రం చలికి గుండీలంత పువ్వులే వస్తాయి, కాబట్టి అక్టోబర్ దాకా ఆగకూడదు. వానల్లో నారు కుళ్లుతుందన్నదే టెన్షన్. పైన పాలిథిన్ పందిరి వేసి, పక్కలు గాలికి వదిలేస్తా. కోకోపీట్ ఒక్కదాంట్లోనే నారు పోయమనే వీడియోలు నేను నమ్మను. ఇసుక కలపాల్సిందే.

అక్క తనకి కాకర నారు కావాలంటోంది, అక్కడి చలికి గింజ మొలవడం లేదట. ఆదివారం ఆ తొమ్మిదీ పీకి బెండ పెడతా. ఆకులు శెనగపప్పు వేసి కూర చేసుకుంటాం.