సోబర్స్ ట్రోఫీ వాదనకు దిగేముందు క్యాలెండర్ చూడండి

2025 జనవరి 3న ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు మొదలైంది. తొలి ఇన్నింగ్స్‌లో బుమ్రా 33 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. వెన్ను పట్టేయడంతో రెండో ఇన్నింగ్స్‌లో బంతి పట్టనేలేదు. ఆ సిరీస్‌లో అతని వికెట్లు మొత్తం 32. అదే నెలాఖరులో ఐసీసీ అతన్ని 2024 మేటి క్రికెటర్‌గా (ఆ బహుమతే సోబర్స్ ట్రోఫీ), మేటి టెస్టు క్రికెటర్‌గా ప్రకటించింది. అప్పుడు చెప్పిన లెక్క 13 టెస్టులు, 71 వికెట్లు, సగటు (ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు) 14.92. సిడ్నీలో తీసిన రెండూ అందులో లేవు. పెర్త్‌లో 8, అడిలైడ్‌లో 4, బ్రిస్బేన్‌లో 9, మెల్‌బోర్న్‌లో 9, అంటే 30 దగ్గర డిసెంబర్ 31 గీత పడింది. మిగతా రెండు 2025 ఖాతాలోకి వెళ్లాయి.

ఐసీసీ అవార్డుల మీద ఏటా జరిగే గొడవల్లో చాలావరకు ఈ గీతను చూడకపోవడం వల్ల వచ్చేవే. "ఫలానావాడికి ఎందుకు రాలేదు?" అని అడిగేముందు "ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా?" అని అడగాలి. గెలిచేది మన మనసులో ఉన్న గొప్ప ఆటగాడు కాదు, ఆ తేదీల మధ్య ఎక్కువ పని చేసినవాడు.

ఇప్పుడంటే జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా అనే పద్ధతి నిలదొక్కుకుంది కానీ మొదట్లో అలా లేదు. 2004లో తొలి అవార్డులు లండన్‌లో ఇచ్చినప్పుడు లెక్కలోకి తీసుకున్నది 2003 ఆగస్టు నుంచి 2004 జులై దాకా. రాహుల్ ద్రవిడ్ ఆ ఏడాదే తొలి సోబర్స్ ట్రోఫీ, దాంతోపాటు టెస్టు అవార్డు అందుకున్నాడు. అతని మూడు డబుల్ సెంచరీలు ఆ పన్నెండు నెలల్లోనే పడ్డాయి: అక్టోబర్‌లో అహ్మదాబాద్‌లో న్యూజిలాండ్ మీద 222, డిసెంబర్‌లో అడిలైడ్‌లో 233, ఏప్రిల్‌లో రావల్పిండిలో 270. ఇప్పటి పద్ధతి అప్పుడే ఉండుంటే ఈ మూడూ రెండు ఏళ్లకు చీలిపోయేవి. యువరాజ్ ఆరు సిక్సర్లు డర్బన్‌లో కొట్టింది 2007 సెప్టెంబర్ 19న, దానికి టీ20 ప్రదర్శన అవార్డు వచ్చింది 2008లో. పాత జాబితాలు చదివేటప్పుడు అవార్డు సంవత్సరం చూసి అదే సంవత్సరపు స్కోర్లు తీస్తే లెక్క ఎప్పటికీ కుదరదు.

అన్నిటికంటే పొడవైన గడువు 2017ది. 2016 సెప్టెంబర్ 21 నుంచి 2017 చివరిదాకా, పదిహేను నెలలకు పైనే. పాత లెక్క నుంచి క్యాలెండర్ ఏడాదికి మారడానికి వేసిన వంతెన అది. ఆ గడువులో కోహ్లీ టెస్టు పరుగులు 2,203. ఒక్క ఏడాదిలో ఇన్నా అని ఆశ్చర్యపోకండి, అది ఒక్క ఏడాది కాదు. అతను నిజంగా పన్నెండు నెలల్లోనే అందరినీ దాటిపోయింది 2018లో: 13 టెస్టుల్లో 1,322, 14 వన్డేల్లో 133.55 సగటుతో 1,202. సోబర్స్ ట్రోఫీ, టెస్టు, వన్డే అవార్డులు మూడూ ఒకే ఏడాది ఒక్కరికే దక్కడం అదే మొదలు.

ఇక ఎవరు తేలుస్తారనే విషయం. ముందు ఒక బృందం ప్రతి విభాగానికీ తుది జాబితా వేస్తుంది. ఈమధ్య సోబర్స్ ట్రోఫీకి నలుగురి పేర్లు ఇస్తున్నారు. ఆ తర్వాత మాజీ ఆటగాళ్లు, పాత్రికేయులు, వ్యాఖ్యాతలతో కూడిన ఓటింగ్ అకాడమీ ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి ఓటేస్తుంది. అభిమానుల ఓటు కూడా కలుపుతారు. ఒకటి, రెండు, మూడు వరస ఉన్నచోట ఒక ఫలితం తప్పదు. సగంమందికి ప్రాణప్రదమై మిగతా సగం పట్టించుకోని ఆటగాడి కంటే, దాదాపు అందరి చీటీలోనూ రెండో స్థానంలో ఉన్నవాడు ముందుకు రావచ్చు. ఒకే ఫార్మాట్‌లో మెరిసినవాడు సోబర్స్ దగ్గర వెనకబడడానికి ఇదొక కారణమని నా అంచనా.

అభిమానుల ఓటు ఎంత పనిచేస్తుందో నెలవారీ అవార్డులో తేటగా కనిపిస్తుంది. 2021 జనవరిలో మొదలైన ఈ అవార్డుకు అకాడమీ వాటా 90 శాతం, అభిమానులది 10 శాతం. తొలి విజేతలు రిషబ్ పంత్, షబ్నిమ్ ఇస్మాయిల్. సాదాగా లెక్కేద్దాం. అకాడమీలో ఒకరికి సగం ఓట్లు పడితే 45 పాయింట్లు, ఇంకొకరికి నలభై శాతం పడితే 36. తేడా 9. అభిమానుల ఓట్లలో రెండోవాడికి డెబ్బై శాతం, మొదటివాడికి ఇరవై శాతం వచ్చాయనుకుందాం. 36కు 7 కలిపితే 43, 45కు 2 కలిపితే 47. అయినా మొదటివాడే గెలుస్తాడు. అకాడమీ ఓట్లు దగ్గరదగ్గరగా చీలినప్పుడే మన ఓటుకు బలం. మన దేశంలో ఇంతమంది ఓటేస్తాం కదా, మనవాడికి రాకుండా ఎలా పోతుందని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఒకసారి ఓట్లు పడ్డాక తిరగదోడడం ఉండదు. 2012లో సయీద్ అజ్మల్ విషయంలో అదే జరిగింది. ఆ ఏడాది మొదట్లో యూఏఈలో ఇంగ్లండ్ మీద మూడు టెస్టుల్లో 24 వికెట్లు తీశాడు, పాకిస్థాన్ 3-0తో గెలిచింది. అయినా టెస్టు అవార్డు తుది జాబితాలో ఆమ్లా, క్లార్క్, ఫిలాండర్, సంగక్కర పేర్లే ఉన్నాయి. పాకిస్థాన్ బోర్డు మళ్లీ చూడమని అడిగింది. ప్రక్రియ స్వతంత్రమైనది, మార్చడం కుదరదని ఐసీసీ తేల్చేసింది. నా దృష్టిలో అజ్మల్‌కు జరిగింది అన్యాయమే. కనీసం ఆ నలుగురి పక్కన అతని పేరు ఉండాల్సింది.

మీరే సొంతంగా జాబితా వేసుకోవాలంటే పెద్ద కష్టమేమీ కాదు. క్రిక్‌ఇన్ఫో వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల గణాంకాలు వెతికే స్టాట్స్‌గురు తెరిచి ముందు ఫార్మాట్ ఎంచుకోండి. టెస్టు, వన్డే, టీ20 విడివిడిగా తీయాలి. అన్నీ కలిపి తీస్తే సగటు అర్థం లేకుండా పోతుంది. తేదీల దగ్గర జనవరి 1, డిసెంబర్ 31 పెట్టండి. ఐపీఎల్ పరుగులు ఇక్కడ పనికిరావు, అంతర్జాతీయ మ్యాచ్‌లే లెక్క. తర్వాత కనీస హద్దు పెట్టండి. నేనైతే టెస్టులకు 5 మ్యాచ్‌లు, వన్డేలకు 10 పెడతాను. లేకపోతే రెండు మ్యాచ్‌లు ఆడి వందకు పైగా సగటున్నవాళ్లు పైకి తేలి జాబితా పాడవుతుంది. బ్యాటర్లకు మొత్తం పరుగులు, సగటు పక్కపక్కన చూడండి. బౌలర్లకు వికెట్లు, సగటు, స్ట్రైక్ రేట్ (ఒక్కో వికెట్‌కు పట్టిన బంతులు)తోపాటు వేసిన ఓవర్లు కూడా చూడాలి. తక్కువ ఓవర్లతో మంచి సగటు రావడం వేరు, బుమ్రాలా 2024లో 350కి పైగా టెస్టు ఓవర్లు మోసి 15లోపు సగటు నిలబెట్టడం వేరు. చివరిగా ప్రత్యర్థులు ఎవరు, సొంతగడ్డా విదేశమా అన్న వడపోత. అక్కడే చాలామంది జారిపోతారు.

ఎక్కువమంది తప్పులో కాలేసేది గీత మీద పడిన మ్యాచ్ దగ్గర. 2025లో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు జులై 31న మొదలై ఆగస్టు 4న ముగిసింది. మొదటి రోజు మనదే బ్యాటింగ్, గిల్ 21కి రనౌట్. జులై నెలవారీ అవార్డు గిల్‌కే వచ్చింది, అది అతనికి నాలుగోది. అందులో చూపిన లెక్క మూడు టెస్టుల్లో 567 పరుగులు. వేసి చూడండి: ఎడ్జ్‌బాస్టన్‌లో 269, 161, లార్డ్స్‌లో 16, 6, మాంచెస్టర్‌లో 12, 103. సరిగ్గా 567. ఓవల్‌లో జులై 31న కొట్టిన 21 అందులో లేదు. అంటే ఆ టెస్టు మొత్తం ఆగస్టు ఖాతాలో పడింది. మీరు స్టాట్స్‌గురులో ఆగస్టు 1 నుంచి అని పెడితే ఆ మ్యాచ్ జారిపోవచ్చు, చేత్తో కలుపుకోవాలి.

ఆ ఒక్క మ్యాచ్‌తోనే మన హైదరాబాద్ సిరాజ్ ఆగస్టు అవార్డు గెలిచాడు. తొలి ఇన్నింగ్స్‌లో 86 పరుగులకు 4, రెండో ఇన్నింగ్స్‌లో 104కు 5. తొమ్మిది వికెట్లు, సగటు 21.11. చివరి రోజు పొద్దున ఇంగ్లండ్‌కు కావాల్సింది 35, చేతిలో 4 వికెట్లు. అందులో మూడు సిరాజ్‌వే. భుజం కీలు తప్పిన వోక్స్ ఒంటి చేత్తో అవతలి కొసన నిలబడి ఉండగా, సిరాజ్ అట్కిన్‌సన్ ఆఫ్ స్టంప్‌ను యార్కర్‌తో లేపేశాడు. ఆరు పరుగుల తేడాతో గెలుపు. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాక పడిన బంతి అది. నెలవారీ అవార్డు కాబట్టి ఒక్క మ్యాచ్ సరిపోయింది. ఏడాది అవార్డుకు ఇంత గొప్ప మ్యాచ్ కూడా ఒక్కటే అయితే సరిపోదు.

సోబర్స్ ట్రోఫీని ఫార్మాట్ అవార్డుల కూడిక అనుకోవడం ఇంకో పొరపాటు. 2010లో టెస్టు అవార్డు సెహ్వాగ్‌ది, వన్డే అవార్డు డివిలియర్స్‌ది. సోబర్స్ మాత్రం టెండూల్కర్‌కు దక్కింది. గ్వాలియర్ వన్డేలో కొట్టిన 200 ఆ గడువులోదే. ఉప్పల్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద 351 వెంటాడుతూ ఒంటరిగా కొట్టిన 175 కూడా ఆ గడువులోదే, మ్యాచ్ మూడు పరుగులతో చేజారింది. ఏ ఒక్క ఫార్మాట్‌లోనూ ఆ ఏటి మేటిగా నిలవకపోయినా, అన్నీ కలిపి చూస్తే అతన్ని మించినవాడు లేడని ఓటేశారు. 2023లో వన్డే అవార్డు కోహ్లీది. ఒక్క ప్రపంచకప్‌లోనే 765 పరుగులు. సోబర్స్ మాత్రం ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్‌కు వెళ్లింది. ఆ ఏడాది అతనివి 59 వికెట్లు, 422 పరుగులు, వాటితోపాటు టెస్టు ఛాంపియన్‌షిప్, వన్డే ప్రపంచకప్ రెండూ నెగ్గిన కెప్టెన్సీ. అంకెల్లో కనపడని నాయకత్వాన్ని కూడా ఓటర్లు తూచారు. అహ్మదాబాద్ ఫైనల్ మనకు ఎంత నొప్పి అయినా, ఆ నిర్ణయం న్యాయమైనదే అంటాను.

షెడ్యూల్ చేసే తేడా అయితే చాలామంది చూడనే చూడరు. 2024 ఐసీసీ వన్డే జట్టులో ఒక్క భారత ఆటగాడూ లేడని పెద్ద రచ్చ అయింది. ఆ ఏడాది మనం ఆడిన వన్డేలే మూడు, శ్రీలంకలో. ఒకటి టై, రెండు ఓటమి. మూడు మ్యాచ్‌లతో ఎవరికి చోటిస్తారు? అదే ఏడాది వన్డే అవార్డు 14 మ్యాచ్‌ల్లో 417 పరుగులు, 17 వికెట్లతో అఫ్గానిస్థాన్ ఆటగాడు అజ్మతుల్లా ఒమర్జాయ్‌కు వెళ్లింది. ఏ ఏటి జట్టును అంచనా వేయాలన్నా ముందు ఆ ఏడాది ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో లెక్కపెట్టండి. 2022, 2023 వన్డే జట్లు రెండింట్లోనూ సిరాజ్ ఉన్నాడు. ఆ రెండేళ్లూ మనవాళ్లు వన్డేలు దండిగా ఆడారు.

వర్ధమాన ఆటగాడి అవార్డు అంటే ఆ ఏడాదే అరంగేట్రం చేసినవాడికని కాదు. 2024లో అందుకున్న కమిందు మెండిస్ 2018లోనే అంతర్జాతీయ క్రికెట్‌లోకి వచ్చాడు. కాకపోతే 2024 మొదలయ్యేసరికి అతను ఆడిన టెస్టు ఒక్కటే. దానితో కలిపి మొత్తం 13 టెస్టు ఇన్నింగ్స్‌లోనే వెయ్యి దాటి బ్రాడ్‌మన్ సరసన నిలిచాడు.

అంకెలు అస్సలు పనికిరాని అవార్డు క్రీడాస్ఫూర్తిది. 2022లో నేపాల్ వికెట్‌కీపర్ ఆసిఫ్ షేక్‌కు వచ్చింది. ఐర్లండ్ బ్యాటర్ మెక్‌బ్రైన్ పరుగు తీస్తూ బౌలర్‌ను ఢీకొని పడిపోయాడు. బంతి ఆసిఫ్ చేతికి వచ్చింది, బెయిల్స్ మాత్రం తీయలేదు. అంపైర్ల అవార్డుకు ఓటర్లే వేరు, కెప్టెన్లు, మ్యాచ్ రిఫరీలు. సైమన్ టాఫెల్ 2004 నుంచి 2008 దాకా వరసగా అయిదుసార్లు గెలిచాడు.

మహిళల అవార్డులకు ఇదే కొలబద్ద వాడకండి. అక్కడ టెస్టు అవార్డంటూ విడిగా లేదు, వన్డే, టీ20 విభాగాలే. ఏడాదికి ఒకటో రెండో టెస్టులు ఆడేచోట అలా ఉండక తప్పదు. కాబట్టి మహిళల్లో ఏటి మేటి క్రికెటర్‌కు ఇచ్చే రేచల్ హేహో ఫ్లింట్ ట్రోఫీకి తెల్లబంతి (వన్డే, టీ20) లెక్కే ప్రధాన ఆధారం. 2018లో స్మృతి మంధాన గెలిచినప్పుడు 12 వన్డేల్లో 669, 25 టీ20ల్లో 622. రెండు వైపులా సమానంగా బరువుంది. 2024లో ఆమె వన్డేల్లో 13 ఇన్నింగ్స్‌లో 747 పరుగులు, నాలుగు సెంచరీలు కొట్టి వన్డే అవార్డు తీసుకుంది. హేహో ఫ్లింట్ మాత్రం అమేలియా కెర్‌ది, ఆ ఏడాది టీ20 ప్రపంచకప్‌ను న్యూజిలాండ్ గెలిచింది, ఆ టోర్నీలో 15 వికెట్లు ఆమెవే. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ప్రపంచకప్ ఉన్న ఏడాది ఓట్లు ఎటు వంగుతాయో మీకే తెలుస్తుంది.