మంచివాళ్లు కూడా కట్నం ఎందుకు తీసుకుంటారు?

కట్నం గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి మనుషుల గుణం మీదికే పోతుంది. వాళ్లకు ఆశ ఎక్కువ, ఆ అత్తగారు గయ్యాళి, ఆ అబ్బాయి నోరు లేనివాడు. అలాంటివాళ్లు లేరని కాదు. కానీ నాకు తెలిసి కట్నం తీసుకున్న ఇళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. పక్కింట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే అర్ధరాత్రి లేచి వెళ్లేవాళ్లు, తీసుకున్న అప్పు మాట ప్రకారం తీర్చేవాళ్లు, కోడల్ని పల్లెత్తు మాట అనని వాళ్లు ఉన్నారు. వాళ్లే సంబంధం మాట్లాడే రోజున "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటారు, ఆ మాటకు ఎంత అర్థమో రెండు వైపులా తెలుసు. ఇంతమంది మంచివాళ్లు ఒకే పని చేస్తుంటే కారణం గుణంలో వెతికితే ఎలా దొరుకుతుంది?

సోషియాలజీ నాకు నచ్చేది ఇక్కడే. ఎమిల్ దుర్ఖైమ్ అనే ఫ్రెంచ్ ఆయన 1895లో సామాజిక వాస్తవం అనే మాట వాడి ఒక సంగతి చెప్పాడు. మన నడవడికలో చాలా భాగం మన లోపల పుట్టింది కాదు, మనం పుట్టకముందే బయట ఉంది, మన మీద ఒత్తిడి పెడుతుంది, ఎదురు తిరిగినప్పుడు గానీ దాని బలం మనకు తెలియదు. కట్నం వద్దన్న అబ్బాయిని అడగండి చెబుతాడు. "ఉద్యోగం ఉంది, పొలం ఉంది, మరి ఎందుకు వద్దంటున్నాడు, ఏదైనా లోపమేమో" అని ఆడపెళ్లివారే ఆరా తీస్తారు. ఇంట్లో వాళ్ల నాన్న "మీ చెల్లెళ్లిద్దరికీ ఇచ్చాం కదరా, ఆ అప్పు ఎవరు తీరుస్తారు" అంటాడు. ఆ తండ్రి అడిగేది అన్యాయమే, కానీ ఆయన అప్పు కూడా నిజమే.

గుణమే కారణం అనేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది కన్యాశుల్కం సంగతి. గురజాడ తన నాటకానికి 1897లో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయిస్తే, మూడేళ్లలో 1,034 తేలాయి. అందులో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లు. ఏడాది పిల్లలు కూడా ముగ్గురున్నారు. అంటే అప్పుడు డబ్బు మగపెళ్లివారి నుంచి ఆడపిల్ల తండ్రికి వెళ్లేది. రెండు మూడు తరాలు తిరిగేసరికి అవే కుటుంబాల్లో డబ్బు ఆడపిల్ల తండ్రి నుంచి మగపెళ్లివారికి వెళ్లడం మొదలైంది. ఆశ మనిషిలో ఎప్పుడూ ఉన్నదే, దారి ఎలా మారింది?

మారింది ఉద్యోగం. ఇంగ్లీషు చదువు వచ్చింది, దాంతో గుమాస్తా, ప్లీడరు, తాసీల్దారు వచ్చారు, నెల జీతం అనే కొత్త ఆస్తి వచ్చింది, అది అబ్బాయిల చేతికే వచ్చింది. ఒక్కో కులంలో అలాంటి అబ్బాయిలు పట్టుమని పదిమంది కూడా లేరు, వాళ్ల కోసం పోటీపడే ఆడపిల్లల తండ్రులు మాత్రం ఎంతోమంది. మన సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1984లో దీన్ని గట్టిగా వాదించాడు. ఇప్పటి కట్నాన్ని పాతకాలం స్త్రీధనంతో, అంటే ఆడపిల్లకే సొంతంగా ఉండే ఆస్తితో, కలిపి చూడొద్దు, ఇది చదువూ ఉద్యోగాలతో వచ్చిన కొత్త సరుకు అన్నాడు. కూలి, వ్యవసాయ కులాల్లో ఉన్న ఓలి సంగతీ చూడండి. పొలంలో ఆడమనిషి రెక్కల కష్టానికి విలువ ఉన్నంతకాలం పెళ్లికొడుకే ఓలి ఇచ్చుకునేవాడు. నాలుగు ఎకరాలు కలిసొచ్చి, కొడుకు కాలేజీకి వెళ్లి, ఆడవాళ్లు పొలానికి వెళ్లడం నామోషీ అనుకున్న ఇళ్లలో ఓలి పోయి కట్నం వచ్చి కూర్చుంది. పై కులాల పద్ధతి పట్టుకుంటే గౌరవం పెరుగుతుందనుకోవడాన్నే శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నాడు. గౌరవం సంగతేమో గానీ ఆడపిల్ల మాత్రం ఖర్చు కింద లెక్కకొచ్చింది.

ఈ పోటీ ఇంత ఇరుకుగా ఉండటానికి అసలు కారణం కులంలోనే పెళ్లి. అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులాన్ని నిలబెడుతున్నది ఈ నియమమే అని తేల్చి చెప్పాడు. మన మ్యారేజ్ బ్యూరోలో ఒక్క గంట కూర్చుంటే ఆ వ్యాసం కళ్ల ముందు కనబడుతుంది. కులం ఒకటే కావాలి, శాఖ కలవాలి, గోత్రం వేరు కావాలి, జాతకం కుదరాలి, ఆ పైన అమ్మాయి కంటే అబ్బాయి జీతం ఒక మెట్టు ఎక్కువ ఉండాలి. ఇన్ని గీతలు గీసుకున్నాక మిగిలేది నలుగురైదుగురు అబ్బాయిలు, వాళ్లలో ఒకడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అమ్మాయి కూడా అదే చదువు చదివి, అంతే సంపాదిస్తున్నా ఈ లెక్క మారకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది.

చట్టం ఉందిగా అంటారు. 1961 నుంచి ఉంది. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, ఇప్పుడు కనీసం ఐదేళ్ల జైలు. ఇచ్చినవాడూ నేరస్తుడే అయితే పెళ్లి నిలబడినంతకాలం ఏ తండ్రి స్టేషన్ మెట్లెక్కుతాడు? కూతురు దెబ్బలు తిని తిరిగొచ్చాకే కట్నం లెక్కల కాగితాలు బయటికొస్తాయి.

నాకు దారి కనిపించేది ఆస్తి దగ్గరే. కట్నం అంటే కూతురి వాటా ముందే ఇవ్వడమని జాక్ గూడీ, స్టాన్లీ తంబయ్య అనే ఇద్దరు ఆంత్రోపాలజిస్టులు 1973లో రాశారు. మన పెద్దవాళ్లూ ఇదే అంటారు, "కొడుక్కి పొలం, కూతురికి కట్నం, లెక్క సరిపోయింది" అని. సరిపోలేదు. వాటా అయితే ఆమె పేరు మీద ఉండాలి. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం ఆమెది, కానీ చేతిలో పెట్టిన పాతిక లక్షలు మామగారి ఇంటి మీద అంతస్తు అవుతాయి, ఆడపడుచు పెళ్లి అవుతాయి. ఆ డబ్బు మీద ఆమెకు మాట ఉండదు.

మన దగ్గర దీన్ని సరిగ్గా పట్టుకున్న చట్టం ఒకటి వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కొడుకుతో సమానంగా కూతురికీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది లెక్క. వరకట్న దురాచారాన్ని నిర్మూలించాలనే మాట ఆ చట్టం పీఠికలోనే ఉంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను వదిలేశారు, అది లోటే. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో గానీ రాలేదు, ఆ సవరణ నాటికి తండ్రి బతికుంటేనే కూతురికి వాటా వస్తుందా అన్న పేచీ, అక్కర్లేదన్న 2020 సుప్రీంకోర్టు తీర్పుతో తీరింది.

హక్కు వచ్చింది, కానీ రిజిస్ట్రార్ ఆఫీసులో అక్కచెల్లెళ్లు సంతకం పెట్టి తమ్ముడికి హక్కు విడుదల పత్రం రాసిస్తూనే ఉన్నారు. వాళ్లకు తెలియక కాదు. సంతకం పెట్టకపోతే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయి, రేపు భర్తతో గొడవైతే వచ్చి తలదాచుకోవడానికి ఇల్లు ఉండదు. ఇంకో దిక్కు లేనప్పుడు ఆ సంతకం తెలివైన నిర్ణయమే, ఆమెను పిరికిది అనే అర్హత ఎవరికీ లేదు. పని పడాల్సింది తమ్ముడి మీద. ఆ పత్రం అడగకుండా, పొలం సర్వే చేయించి అక్క వాటా అక్క పేరున పాస్‌బుక్ చేయించి చేతికిచ్చిన అన్నదమ్ములు నాకు తెలుసు, చాలా తక్కువమంది, కానీ ఉన్నారు. అలాంటి ఒక ఇంట్లో తర్వాత మేనకోడలికి సంబంధాలు చూసినప్పుడు, కట్నం ఎంత అని అడిగినవాళ్లకు ఆ తల్లి "దాని వాటా దాని పేరునే ఉంటుంది, చేతికి ఏమీ ఇవ్వం" అని ముందే చెప్పింది. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి, మూడోది కుదిరింది.